ఐదున్నర వేలు కట్టినా వినపడని మాట, కబ్బన్ పార్కులో ఉత్తినే వినపడింది

మొన్న శనివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అనంతపురం నుంచి బెంగళూరు పోయాను. వాడికి పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ చదువుకుంటూ మన సీమ యాసలో ర్యాప్ రాసుకుంటుంటాడు. ఇంతవరకు ఒక్క లైవ్ కాన్సర్ట్ కూడా చూడలేదు. బ్రోధా వి, హనుమాన్‌కైండ్ లాంటి ర్యాపర్లు పేరు తెచ్చుకున్న ఊరు మనకు నాలుగైదు గంటల దూరంలోనే ఉంది. వీడు మాత్రం వాళ్ళని ఫోన్‌లోనే చూసుకుంటున్నాడని నాకు బాధగా ఉండేది. ఉత్తరాది నుంచి పేరున్న ర్యాపర్ ఒకాయన వస్తున్నాడంటే నేనే టికెట్లు తీశాను. టికెట్టు 2,499. కన్వీనియెన్స్ ఫీజు 225. ఆ ఫీజు మీద జీఎస్టీ 40.50. ఇద్దరికీ కలిపి 5,529 రూపాయలు. స్టేజీ ముందు నిలబడే ఫ్యాన్ పిట్ 5,999 అంటే అంత పెట్టలేక జనరల్ తీసుకున్నాను.

ఆర్టీసీ సూపర్ లగ్జరీ మనిషికి 436. మెజెస్టిక్ దగ్గర లాడ్జి 1,500, గది శుభ్రంగానే ఉంది. మెట్రోలో మనిషికి 60 పెట్టి ఊరి చివర మైదానానికి నాలుగున్నరకే చేరుకున్నాం. అక్కడిదాకా అంతా బాగుంది.

గేటు దగ్గర మా చేతిలో ఉన్న నీళ్ళ సీసాలు తీసేసుకున్నారు. లోపల డబ్బు చెల్లదు, ఫోన్‌పే చెల్లదు, వాళ్ళిచ్చే చేతి బ్యాండులో ముందే డబ్బు వేయించుకోవాలి. వెయ్యి వేయించాను. లీటరు నీళ్ళ సీసా 100 రూపాయలన్నారు. సీసా తిప్పి చూశాను. ధర అచ్చేసే చోట నల్ల మార్కర్‌తో గీసేశారు. వేలితో రుద్దితే ఇంకు కొంచెం చెదిరి, కింద 20 అనే అంకె కనిపించింది. కౌంటర్లో ఉన్న పిల్లవాణ్ణి అడిగితే "సార్, నేను రోజు కూలీకి వచ్చినోణ్ణి" అన్నాడు. వాణ్ణి ఏమనగలం? ఏప్రిల్ ఎండలో నిలబెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు పారబోయించి, ఇరవై రూపాయల సీసా వందకు అమ్మడం నా దృష్టిలో దోపిడీయే. రెండు సీసాలు, రెండు వెజ్ రోల్స్, ఒక ప్లేటు ఫ్రైస్ కలిపి 700 అయింది.

ఆ క్యూలో నిలబడ్డప్పుడే మావాడు ఒక సంగతి చెప్పాడు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్టుమెంటు కింద హాల్లో కూల్ హెర్క్ అనే కుర్రాడు రికార్డులు వేశాడు. ర్యాప్ కూడా భాగమైన హిప్ హాప్ పుట్టింది అక్కడే అంటారు. ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని పెట్టింది. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. "బట్టల కోసం పెట్టిన పార్టీ మామా!" అని వాడు ఎంత సంబరంగా చెప్పాడంటే, అప్పటికి నాకు వంద రూపాయల నీళ్ళ మీద కోపం కూడా తగ్గింది.

ఆరున్నరకు ఒక లోకల్ కుర్రాడు స్టేజీ ఎక్కాడు. కన్నడ ర్యాపర్. వాడికి ఇరవై నిమిషాలని పోస్టర్ మీద వేశారు. రెండు పాటలయ్యేసరికి పక్కనుంచి ఎవరో చేత్తో సైగ చేసి దింపేశారు. ఆ రెండు పాటల్లో కూడా బీటే తప్ప గొంతు వినపడలేదు. మైకు సౌండ్ పెంచమని వాడు మూడుసార్లు వేలు పైకెత్తి చూపించాడు, పట్టించుకున్నవాళ్ళు లేరు. దిగేముందు వాడు జనానికి వంగి దండం పెట్టాడు. మావాడికి ఆ దండం చూసి కడుపు తరుక్కుపోయింది. అక్కడే నిలబడి వాడి పేరు వెతికి ఇన్‌స్టాలో ఫాలో అయ్యాడు.

తర్వాత చాలాసేపు స్పాన్సర్ల ప్రకటనలు, టీషర్టులు విసరడం. ఏడున్నరకు రావాల్సిన అసలు ర్యాపర్ తొమ్మిదీ ఇరవైకి వచ్చాడు. బయట మైదానాల్లో రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ మోగకూడదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నదే ఇది. షో పెట్టేవాళ్ళకు తెలియని విషయమేమీ కాదు. పదికి పోలీసులు ఆపించారు. గంటన్నర షో అని అమ్మి నలభై నిమిషాలు చూపించారు.

ఆ నలభై నిమిషాలైనా సరిగ్గా వినపడలేదు. మేము స్టేజీకి నూటిరవై మీటర్ల వెనక ఉన్నాం. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి మా దాకా రావడానికి మూడోవంతు సెకను పైనే పడుతుంది. తెర మీద పెదాలు కదిలాక మాట వస్తుంది. ఇంత పెద్ద మైదానంలో మధ్యలో ఇంకో వరస స్పీకర్లు పెట్టి, ముందునుంచి వచ్చే శబ్దంతో కలిసేలా వాటిని ఆ కాస్త ఆలస్యంగా మోగించాలి. డిలే టవర్లు అంటారు వాటిని. మా వైపు ఒక టవర్ ఉంది కానీ అది మోగలేదు. మెలొడీ పాటైతే రాగం పట్టుకుని ఎలాగో వింటాం. ర్యాప్‌లో మాటే ప్రాణం. సెకనుకు ఐదారు అక్షరాలు వచ్చేచోట అవి ఒకదాని మీద ఒకటి పడితే మిగిలేది ధనధనమనే బేస్ ఒక్కటే. మాట వినిపించలేనివాళ్ళు ర్యాప్ షోకి టికెట్లు అమ్మకూడదు.

ఉన్నదొక్కటే గేటు, బయటికి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. చివరి మెట్రో పోయింది. క్యాబ్‌కు 1,180 కట్టాను. బ్యాండులో మిగిలిన 300 వెనక్కిచ్చే కౌంటర్ తొమ్మిదిన్నరకే మూసేశారు. ఆన్‌లైన్‌లో అడిగితే ప్రాసెసింగ్ ఫీజు వంద పట్టుకుని ఐదు రోజులకు 200 వేశారు. దారి పొడవునా మావాడు ఒక్క మాట మాట్లాడలేదు. లాడ్జికి వచ్చాక "నీ డబ్బులు పోగొట్టినా మామా" అన్నాడు. వాడి తప్పేముంది ఇందులో! ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున ఏడింటికి వాడే లేపాడు. ఆ కన్నడ కుర్రాడు పదింటికి కబ్బన్ పార్కులో సైఫర్ ఉందని స్టోరీ పెట్టాడట. సైఫర్ అంటే గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ర్యాప్ చెప్పడం. దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీ వడ తిని, బై టూ కాఫీ తాగి వెళ్ళాం. ఇద్దరికీ 130. ఆదివారం పార్కులోకి బండ్లను రానివ్వరు, అందుకని ప్రశాంతంగా ఉంది. వెదురు పొదల దగ్గర పాతిక మంది ఉంటారు. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి, నోటితో బీట్ కొట్టే అమ్మాయి ఒకరు. కన్నడలో ఒకడు, శివాజీనగర్ దక్కనీ ఉర్దూలో ఒకడు, తమిళంలో ఒకమ్మాయి, కోలారు తెలుగులో ఒకడు. అన్నీ అర్థం కాలేదు కానీ ప్రతి మాటా వినపడింది.

నిన్నటి కుర్రాడు తన రెండు పాటలూ మళ్ళీ చెప్పాడు. వాళ్ళ నాన్న నడిపే ఆటో గురించి, ఇంటి ముందు ఎండిపోయిన చెరువు గురించి. నాకొచ్చిన కాస్త కన్నడంతోనే ఒళ్ళు గగుర్పొడిచింది. పక్కకు వచ్చాక అడిగితే నిన్నటి షోకి వాడికి రూపాయి కూడా ఇవ్వలేదన్నాడు. ఎక్స్‌పోజర్ వస్తుంది, నలుగురికీ తెలుస్తావు కదా అన్నారట. డబ్బులడిగితే వేరేవాళ్ళు ఉచితంగా వస్తారని చెప్పారట. మా దగ్గర ఒక్కొక్కరి నుంచి రెండున్నర వేలు తీసుకుని వాడికి ఆటో చార్జీ కూడా ఇవ్వలేదంటే నా దృష్టిలో నీళ్ళ సీసా కంటే ఇది పెద్ద అన్యాయం. ఆ కోలారు అబ్బాయి మావాడికి మంచి మాట చెప్పాడు. ఏ కంపెనీతో చేసినా కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దన్నాడు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, పాటకు వచ్చే రాయల్టీలో మాట రాసినవాడి వాటాను కంపెనీ తన పేరున రాయించుకోవడానికి వీల్లేదనీ, ఐపీఆర్ఎస్ అనే రాయల్టీ వసూలు సంస్థలో సభ్యత్వం తీసుకుంటే ఆ డబ్బు వాళ్ళే వసూలు చేసి పంపుతారనీ చెప్పాడు.

తర్వాత మావాణ్ణి మధ్యలోకి లాగారు. ఫోన్ తీసి చూసుకోబోయి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. మొదటి రెండు లైన్లు గొంతు వణికింది. బీట్ కొడుతున్న అమ్మాయి అది చూసి వేగం తగ్గించింది.

"ఎనిమిదొందల అడుగులు బోరేసినా నీళ్ళు లే
మా నాయన కండ్లల్లో తప్ప యాడా తడి లే"

మా బావ నాలుగు బోర్లు వేశాడు, నాలుగూ ఎండిపోయాయి. అక్క గాజులు పోయింది ఆ మూడో బోరుకే. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తని పిల్లోడు పాతికమంది తెలియనివాళ్ళ మధ్య చెప్పాడు. కోలారు అబ్బాయి గట్టిగా అరిచి, మిగతావాళ్ళకు కన్నడలో చెప్పాడు. వాళ్ళ ఊళ్ళోనూ అవే బోర్లు. ఆ రెండు లైన్లూ మళ్ళీ చెప్పమని అందరూ అడిగారు. మళ్ళీ చెప్పాడు, ఈసారి వణకకుండా.

పెద్ద షోలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. జనరల్ టికెట్ కొనొద్దు, ఆ డబ్బుతో లోకల్ వాళ్ళు చేసే చిన్న హాలు షోలు నాలుగు చూడొచ్చు. తప్పదనుకుంటే సౌండ్ మిక్సింగ్ చేసే టెంటు దగ్గర నిలబడండి, ఉన్నంతలో అక్కడే బాగా వినపడుతుంది. బ్యాండులో ఎప్పటికప్పుడు కావలసినంతే వేయించుకోండి. తొమ్మిదింబావుకే రిఫండ్ కౌంటర్ దగ్గరికి పోండి.

మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనం తిన్నాం. మావాడు పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. బస్సులో హిందూపురం రోడ్డు దాటేలోపే, వచ్చే నెల సైఫర్ ఎప్పుడని ఆ కన్నడ కుర్రాడికి మెసేజ్ పెట్టాడు. రెండో ఆదివారం అని జవాబు రాగానే ఫోన్ నాకు చూపించి, "అమ్మని కూడా పిలుచుకొద్దామా మామా?" అన్నాడు. మూడు సీట్లు బుక్ చేశాను.