రంగం వెళ్ళిన ముత్తాత కోసం వారం రోజుల తిరుగుడు: చెన్నై, కాకినాడ, కోరంగి, భీమిలి

మా ఇంట్లో ముత్తాత గురించి చిన్నప్పట్నుంచీ విన్నది ఒక్కటే మాట, "ఆయన రంగం వెళ్ళొచ్చాడు" అని. రంగం అంటే బర్మాలోని రంగూన్ అని నాకు పదో క్లాసులో గానీ తెలీలేదు. పోయిన వేసవిలో పెదనాన్న ట్రంకు పెట్టె దింపితే అడుగున గుడ్డమూట ఒకటి దొరికింది, అందులో 1913 నాటి తనఖా దస్తావేజు, కొన్ని మనియార్డరు కూపన్లు (డబ్బుతో పాటు నాలుగు ముక్కలు రాసి పంపే చీటీలు). ఐదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం మీద "రంగం ప్రయాణ ఖర్చుల నిమిత్తం" 40 రూపాయలకి 60 సెంట్ల మెట్ట తాకట్టు పెట్టినట్టు రాసుంది, వెనకాల 1923లో "చెల్లు" అని ఇంకో చేతిరాత. అంటే స్టీమర్ ఖర్చులకి పెట్టిన 40 రూపాయల అప్పు తీరడానికి పదేళ్ళు పట్టింది. అది చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను, ఆఫీసుకి వారం లీవు పెట్టేశా.

మొదట చెన్నై వెళ్ళాను. మన కోస్తా జిల్లాలన్నీ మద్రాస్ ప్రెసిడెన్సీలోవే కదా, పాత రికార్డులు చాలావరకు ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగానే, 1909లో కట్టిన ఎర్ర బిల్డింగు. దగ్గర్లోనే లాడ్జి తీసుకుంటే రూ.1,400, రూమ్ శుభ్రంగా ఉంది గానీ రాత్రంతా రోడ్డు చప్పుడు, నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు రెండు వీధులు లోపలికి వెళ్ళడం మంచిది. ఆర్కైవ్స్‌లో స్టాఫ్ ఓపిగ్గా మాట్లాడారు, ఇండెక్స్ వాల్యూములు ఎలా చూడాలో ఒకాయన దగ్గరుండి చూపించారు. కానీ ముందే చెప్తున్నా, పేరు పట్టుకుని వెళ్తే దొరకదు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల కాగితాల్లో కలెక్టర్ పేరుంది, స్టీమర్ కంపెనీ ఏజెంట్ పేరుంది, డెక్ మీద కూర్చుని వెళ్ళినవాళ్ళు మాత్రం అంకెల్లోనే ఉన్నారు, ఈ నెల ఇంతమంది ఎక్కారు ఇంతమంది దిగారు అని. నేను చూసినంతలో మావాడు ఆ అంకెల్లో ఒకడు, అంతే. రెండ్రోజులు పెట్టాను, ఒకరోజు సరిపోయేది. 1907 నాటి జిల్లా గెజిటీర్లు మాత్రం చదవండి, ఆ రోజుల్లో మన జిల్లా ఎలా ఉండేదో కళ్ళకి కడుతుంది.

చెన్నై నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మోర్‌లో సాయంత్రం ఎక్కితే పొద్దున్నే కాకినాడ. కాకినాడ పెట్టుకున్నది కోరంగి కోసమే. బర్మాలో తెలుగువాళ్ళు ఏ జిల్లావాళ్ళయినా సరే అందర్నీ "కోరంగీలు" అనేవారు, శ్రీకాకుళం మనిషైనా కోరంగీయే. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు, 1839 తుఫానుకి ఊరు తుడిచిపెట్టుకుపోయింది, పైగా గోదావరి ఒండ్రు మేట వేసేసింది. ఇప్పుడు అక్కడ చూడ్డానికి మడ అడవి, చెక్క నడకదారి. ఆదివారం వెళ్ళకండి, తోపులాట. ముత్తాత గురించి అక్కడ దొరికేది ఏమీ లేదు, ఆయన్ని పిలిచిన ఆ పేరు పుట్టిన చోటు ఒక్కసారి చూడాలనిపించింది, చూశాను. తాళ్ళరేవులో ఇప్పటికీ చెక్క పడవలు కడుతున్నారు, సగం కట్టిన పడవ కింద నిలబడి గంటసేపు చూశా, దారిలో నాకు బాగా నచ్చింది అదే. కాకినాడలో భోజనానికి లోటు లేదు, ఆటోవాళ్ళతో మాత్రం కోరంగికి రానూపోనూ రేటు ముందే మాట్లాడుకోండి.

తర్వాత విశాఖ, అక్కణ్ణుంచి 900కె బస్సులో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి. ఇక్కడ మనసు ఆగిపోయింది. మా ఊరివాళ్ళకి దగ్గరి రేవు ఇదే. విశాఖ పోర్టు 1933లో గానీ రాలేదు, అంతకుముందు స్టీమర్ దూరంగా సముద్రంలోనే ఆగేది, జనాన్ని మసూలా పడవల్లో అలల మీంచి తీసుకెళ్ళేవారు. మేకులు లేకుండా పలకల్ని తాళ్ళతో కుట్టిన పడవలు అవి, అల కొడితే విరక్కుండా వంగేవి. లైట్‌హౌస్ దగ్గర, గోస్తని సముద్రంలో కలిసేచోట సాయంత్రం కూర్చుంటే వల బాగుచేసుకుంటున్న ఒక తాతగారు ఎందుకొచ్చావు బాబూ అని అడిగారు. చెప్పాను. "రంగమెళ్ళినోళ్ళా? మా అయ్య తమ్ముడూ ఎల్లాడు, రాలేదు" అన్నారు, మళ్ళీ వల పట్టుకున్నారు. ఇంకేం అడగాలో నాకు తోచలేదు.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు అందరూ చూపిస్తారు, బావున్నాయి, రాళ్ళ మీద పేర్లు మూడొందల ఏళ్ళ తర్వాత కూడా చదవొచ్చు. ఆ పేర్లు చూస్తుంటే చెన్నైలో చూసిన అంకెలే గుర్తొచ్చి గట్టిగా బాధేసింది. స్టే విషయానికొస్తే బీచ్ ఎదురుగా రూ.2,800 పెట్టి తీసుకున్న రూమ్‌లో ఏసీ పనిచెయ్యలేదు, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. విశాఖలో ఉండి బస్సులో వెళ్ళిరావడమే నయం.

అసలు పని ఊళ్ళోనే అయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఒకదానికి (పేరు రాయను) తనఖా నకలు కోసం మూడుసార్లు తిరిగా, పాత వాల్యూములు చిరిగిపోయాయి అన్నారు, నాలుగోసారి వెళ్ళలేదు, అసలు దస్తావేజు ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా అని. మాది జమీందారీ గ్రామం కాబట్టి డైగ్లాట్ (రైత్వారీ గ్రామాల పాత భూమి రిజిస్టరు) కాదు, ఎస్టేట్ రద్దయ్యాక రాసిన ఫెయిర్ అడంగల్ (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు) చూడాలని ఒక రిటైర్డ్ ఉద్యోగి చెప్పారు. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు అన్నీ ఉన్నాయి. రెండు ప్రభుత్వాల కాగితాలు తిరగేస్తే ఆయన మనిషిగా కనిపించింది ఈ ఒక్క లైన్లోనే.

మనియార్డరు కూపన్ల గురించి కూడా చెప్పాలి. అన్నీ "51వ వీధి, రంగం" నుంచే, ఆ చుట్టుపక్కలే రేవూ బియ్యం మిల్లులూ. ఒక్కో కూపను మీద ఒక్కో చేతిరాత, ఆయనకి రాయడం రాదు, ఎవరో ఒకరి చేత రాయించుకునేవాడు. ఒకదాంట్లో "పిల్ల జ్వరం తగ్గినదో లేదో తెలుపవలెను" అనుంది. చివరిది 1930 ఏప్రిల్‌ది. ఆ మే నెలాఖర్లోనే రేవులో పనిచేసే మన తెలుగువాళ్ళకీ బర్మా కూలీలకీ మధ్య గొడవలై రక్తం పారింది, ఆ ఏడే ఆయన వచ్చేశాడని పెదనాన్న అంటారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో ఉన్న 4 లక్షల మందిలో 2 లక్షల పైచిలుకు భారతీయులే. అంత ఊరు వదిలేసి వచ్చినాయన తిరిగొచ్చాక రంగం గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడలేదట.

దస్తావేజు కింద ఆయన వేలిముద్ర ఉంది. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే బొటనవేలి గీతల మధ్య అడ్డంగా సన్నటి తెల్లచార. ముంజెలు కొడుతూ కత్తి తగిలిన మచ్చ అని పెదనాన్న వెంటనే చెప్పారు, ఆయనకి వాళ్ళ నాన్న చెప్పారట. పాత కాగితాలున్నవాళ్ళు దయచేసి లామినేషన్ చేయించకండి, మా పిన్నివాళ్ళింట్లో ఒక పట్టా అలాగే పాడైంది, మడతలు విప్పి తెల్ల కాగితాల మధ్య పెట్టుకుంటే చాలు.

ఆఖరిరోజు పెదనాన్న, నేను దస్తావేజులో హద్దులు పట్టుకుని పొలానికి వెళ్ళాం. తూర్పు గెడ్డ, దక్షిణం తాటితోపు, పడమర పుంత, ఉత్తరం ఎవరిదో మెట్ట. పుంత తారురోడ్డయింది, ఉత్తరాన లేఅవుట్ రాళ్ళు పాతారు. తాటిచెట్లు ఏడు మిగిలాయి. గెడ్డలో ఈ ఏడు నీళ్ళున్నాయి, పెదనాన్న చెప్పులు విప్పి దిగి కాళ్ళు కడుక్కున్నారు.