అరవై ఏళ్ల హారన్ రింగు: నూనె మేలా, వేడి మేలా?

పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉన్న మనవాళ్లు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు: "హారన్ రింగు (స్టీరింగ్ మధ్యలో హారన్ కోసం నొక్కే లోహపు రింగు) ఊడి రావట్లేదు, ఏం పోయాలి?" ఏం పోయాలి అంటారే గానీ, అసలు ఏమైనా పోయాలా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

నాది 1966 హార్డ్‌టాప్, అంటే పైకప్పు మడవడానికి వీల్లేనిది. మలుపు తిరిగాక ఇండికేటర్ తనంతట తాను ఆగడం మానేసింది. ఆ స్విచ్ స్టీరింగ్ కింద ఉంటుంది. స్టీరింగ్‌ను పట్టి ఉంచే నట్టేమో హారన్ రింగు కింద ఉంటుంది. రింగు ఊడితే తప్ప పని మొదలు కాదు. ఈ మోడల్ మామూలు స్టీరింగ్‌లో రింగుకి పైన స్క్రూ కనపడదు. కింద స్ప్రింగు ఉంటుంది. దాన్ని అణిచిపెట్టి రింగును ఎడమవైపుకి కాస్త తిప్పితే గాడిలోంచి తప్పుకుని పైకి లేస్తుంది. మన ఇళ్లలో పిన్నుల బల్బును హోల్డర్‌లోంచి తీసినట్టే. స్పోక్స్ వెనక స్క్రూలుండే కార్లు వేరే ఉన్నాయి. మీది అలాంటిదైతే ముందు ఆ స్క్రూల సంగతి చూడండి, ఈ గొడవంతా మీకు అక్కర్లేదు.

ఎవరిని అడిగినా మొదట నూనే చెబుతారు. ఊళ్లో మెకానిక్‌లు తుప్పుపట్టిన బోల్టు మీద కిరసనాయిలు పోసి టీకి వెళ్లిపోయేవాళ్లు, తిరిగొచ్చేసరికి వదిలేది. ఇక్కడ అందరి గరాజ్‌లో ఉండేది డబ్ల్యూడీ-40. దాని అసలు పని తేమను తరిమేయడం, ఆ సంగతి పేరులోనే ఉంది (డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్). పట్టేసిన చోట లోపలికి దూరాలంటే పీబీ బ్లాస్టర్, క్రోయిల్ లాంటి నూనెలు నయం. అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కలిపి ఇంట్లో చేసుకునే మందు కూడా కొందరు చెబుతారు. స్టీరింగ్ దగ్గర అది మాత్రం వద్దు. అసిటోన్ పాత ప్లాస్టిక్‌నీ పెయింటునీ తినేస్తుంది.

నూనెతో వచ్చే చిక్కు ఏంటంటే, అది రింగు దగ్గరే ఆగదు. కిందనే హారన్ కాంటాక్టు, దాని కింద ఇండికేటర్ ప్లాస్టిక్ ముక్కలు. డబ్బాతో స్ప్రే కొడితే అంతా అక్కడికి దిగి, ఏడాది తిరిగేసరికి దుమ్ముతో కలిసి నల్లటి ముద్ద అవుతుంది. వెయ్యాలనుకుంటే డ్రాపర్‌తో నాలుగైదు చుక్కలు చాలు. నేను స్ప్రే కొట్టాను. రెండు రాత్రులు ఆగాను. రింగు కదల్లేదు.

ఎందుకు కదల్లేదో తర్వాత అర్థమైంది. లోపల ఉన్నది తుప్పు కాదు. కారులో కూర్చునే చోట ఉన్న భాగం అది, దాని మీద వాన ఎప్పుడు పడిందని తుప్పు పట్టడానికి! అక్కడ ఉన్నది ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు. ఇన్నేళ్లలో ఎండి తుమ్మజిగురులా గట్టిపడిపోయింది. తుప్పుకి నూనె మందే, కాదనను. ఎండిన గ్రీజుకి వేడి అంతకంటే త్వరగా పనిచేస్తుంది.

వేడి అనగానే మంట వచ్చే గ్యాస్ టార్చ్ తెచ్చుకోకండి. హీట్ గన్ కూడా వద్దు. ఈ రింగులు క్రోమ్ పూసిన జింకు పోత. ఆ లోహం 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది, హీట్ గన్ ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ చాలు. మధ్యభాగం చుట్టూ ఐదారు నిమిషాలు తిప్పుతూ ఆడించాలి, చెయ్యి ఆనించలేనంత కాలితే ఆపాలి. ఇంకో లాభం కూడా ఉంది. వేడికి జింకు ఉక్కు కంటే రెట్టింపు పైనే వ్యాకోచిస్తుంది, కాబట్టి పట్టు కాస్త సడలుతుంది. ముందే నూనె కొట్టి ఉంటే మాత్రం తుడిచేసి, తలుపులు తెరిచి, వాసన పూర్తిగా పోయాకే డ్రయ్యర్ పెట్టండి. ఆ స్ప్రేలు అంటుకుంటాయి.

నూనె, వేడి రెండూ ఒక ఎత్తు, నొక్కే తీరు ఒక ఎత్తు. నా లెక్కలో అసలు గెలుపోటములు తేలేది అక్కడే. అందరూ రింగును కారు నడుపుతున్నట్టు అంచు దగ్గర పట్టుకుని తిప్పుతారు. అప్పుడు ఒక పక్క కిందికి, ఇంకో పక్క పైకి వంకరపడి రింగు కింద ఉండే చెవుల్లాంటి కొనలు గాడిలో ఇరుక్కుంటాయి. ఎంత బలం పెడితే అంత బిగుసుకుంటుంది, చివరికి రింగు సన్నటి కాడ దగ్గర టప్‌మని విరుగుతుంది. రెండు అరచేతులూ మధ్యభాగం మీదే ఆనించాలి. అంట్లు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే జారదు. ఒంటి బరువు తిన్నగా మోపి, స్ప్రింగు పూర్తిగా అణిగాకే ఎడమవైపుకి తిప్పాలి.

ఈ కారుకి స్టీరింగ్ లాక్ లేదు, మీరు తిప్పితే చక్రమంతా తిరిగిపోతుంది. ఇంకొకరు పట్టుకోవాలి. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని పట్టుకుంది. నేను బరువు మోపగానే హారన్ మొదలైంది. బ్యాటరీ వైరు తీయడం మర్చిపోయాను! "ఏమండీ, ఎదురింటాయన బయటికొచ్చేశాడు, ఆపండి" అంటోంది, నాకేమో చేతులు తీస్తే మళ్లీ మొదటికొస్తుందని భయం. ఆ మోతలోనే చిన్న టిక్ అని తగిలింది, రింగు చేతిలోకొచ్చింది. మీరు ముందే నెగటివ్ వైరు తీసేయండి.

స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడం గురించి చెప్పేదేం లేదు, క్రోమ్ పోతుంది, ప్లాస్టిక్ చిట్లుతుంది. కోసేసి కొత్తది కొనుక్కోవడం ఒక దారే. 65, 66 మోడళ్లకి కొత్తగా తయారుచేసిన రింగులు దొరుకుతాయి. మీ రింగు మీద క్రోమ్ ఇప్పటికే పొక్కులు లేచి ఉంటే అదే మంచిది, జింకు మీద మళ్లీ క్రోమ్ వేయించడం ఖర్చుతో కూడిన పని.

నా ఓటు హెయిర్ డ్రయ్యర్‌కే. ఒక్క మినహాయింపు: కన్వర్టబుల్ (పైకప్పు మడిచేసే కారు) అయితే, అదీ వానలో టాపు లేకుండా పడి ఉన్న బండి అయితే, నిజంగానే తుప్పు పట్టి ఉంటుంది. దానికి చుక్కల నూనె, రెండు మూడు రోజుల ఓపిక, ఆ తర్వాతే వేడి.

రింగు ఊడిన ఊపులో కింది నట్టు విప్పి, స్టీరింగ్‌ను సుత్తితో కొట్టి లేపబోకండి. ఈ మోడల్‌లో స్టీరింగ్ కింది షాఫ్టు అంతా ఒకే పొడవాటి ముక్క, నేరుగా స్టీరింగ్ బాక్సులోకి వెళ్తుంది. దెబ్బలన్నీ లోపలి బేరింగుల మీద పడతాయి. దానికి పుల్లర్ (స్టీరింగ్‌ను పైకి లాగి తీసే పనిముట్టు) వాడండి.