పనామా బంగారు కప్పా, కొమోడో డ్రాగనా: సాయం ముందు దేనికి?

వన్యప్రాణుల కోసం ఇవ్వడానికి ఉన్నది కొంత డబ్బే అయితే దేనికివ్వాలి?

ఇప్పుడెలా ఉన్నాయి: బంగారు కప్ప 2009 ప్రాంతం నుంచి అడవిలో కనిపించడం లేదు. ఇప్పుడు మిగిలినవి దాదాపు అన్నీ జూలు, సంరక్షణ కేంద్రాల్లో పెరుగుతున్నవే. కొమోడో డ్రాగన్ అనే పెద్ద బల్లిని ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2021లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది, కానీ అది ఇంకా ఇండోనేషియాలోని తన దీవుల్లోనే తిరుగుతోంది.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. కప్పను చంపేది కైట్రిడ్ అనే శిలీంధ్రం. కప్ప నీటినీ లవణాలనూ చర్మం ద్వారా తీసుకుంటుంది. శిలీంధ్రం ఆ చర్మాన్ని పాడుచేస్తే లవణాల లెక్క తప్పి గుండె ఆగిపోతుంది. అడవి పచ్చగా ఉన్నా, కాపలా ఎంత పెట్టినా లాభం లేదు. కొమోడోకు పెరిగే సముద్రం, తరిగే ఆవాసం, వేటగాళ్ళ పాలయ్యే జింకలు (దాని తిండి అవే) సమస్య. వీటిలో కనీసం వేటనైనా ఆపగలం.

ఖర్చు: కప్పకు గాజు తొట్టి, శుభ్రమైన నీళ్ళు, పురుగులు చాలు, కానీ ఏళ్ళ తరబడి. మూడు మీటర్ల బల్లికి దీవులే కావాలి. పర్యాటకుల టికెట్ల డబ్బు దానికి కొంత ఆసరా.

రిస్క్: కప్పను తిరిగి అడవిలో వదిలితే మళ్ళీ అదే జబ్బు. కొమోడో ఊళ్ళో మేకల్ని తింటుంది, మనుషులతో గొడవ తప్పదు.

పరిశోధనకు, జబ్బుకు విరుగుడు వెతకడానికి ఇచ్చే ఓపిక ఉంటే కప్ప. నేలనూ, దాని చుట్టూ బతికే ఊళ్ళనూ నిలబెట్టాలనుకుంటే కొమోడో. నన్నడిగితే ముందు కప్పకే: తొట్టెల్లోవి పోతే తెచ్చుకోవడానికి అడవిలో ఇంకేమీ కనిపించడం లేదు.