డెబియన్‌తో ఆరేళ్లు: నాకు నచ్చినది దాని విడుదల పద్ధతి

రామచంద్రపురం దగ్గర మా రైసు మిల్లులో 2019 నుంచి డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటరును నడిపే మూల సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. దాని వేగం, రూపం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను దీనిని వదలకపోవడానికి కారణం ఒక్కటే: తేదీ వచ్చిందని కాక, పని పూర్తయిందని తేలాకే కొత్త వెర్షన్‌ను విడుదల చేస్తారు.

అంతకుముందు వాడిన వ్యవస్థకు ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి విడుదలలు వచ్చేవి. మద్దతు తొమ్మిది నెలలే. ఏప్రిల్ అంటే మాకు దాళ్వా కోతలు. 2019లో పాతదాని గడువు ముగియవస్తోందని ఒక రాత్రి కొత్తదానికి మారాను. తెల్లవారేసరికి గేటు బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి, బిల్లుల ప్రింటరు మాత్రం పలకలేదు. మూడు రోజులు కార్బన్ పేపరు పెట్టి చీటీలు చేత్తో రాశాము. ఒక రైతు పదిహేడు బస్తాలు మరొకరి ఖాతాలో పడ్డాయని నెల తరువాత తేలింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

డెబియన్‌లో విడుదలకు నెలల ముందే కొత్త మార్పులను అంచెలంచెలుగా ఆపేస్తారు. దీనిని ఫ్రీజ్ అంటారు. దాళ్వా అయ్యాక కాలువ కట్టేసి, పూడిక తీసి, లాకులు బాగుచేసి, ఆపైన ధవళేశ్వరం నుంచి నీరు వదలడం చూసినవారికి ఇది కొత్త కాదు. 13వ విడుదలకు 2025 మార్చి 15న మొదలైన ఫ్రీజ్ ఆగస్టు 9 దాకా సాగింది. విడుదలకు అడ్డుపడే లోపాలు ఎన్ని మిగిలాయో ఎవరైనా చూడవచ్చు; నేను రోజూ ఉదయం ఆ పట్టిక చూసేవాడిని.

ఆఫీసు కంప్యూటరులో 10 నుంచి 13 వరకు మూడు మార్పులూ ప్రింటరు ఆగకుండా జరిగాయి. కాటా దగ్గరి పాత 32 బిట్ల కంప్యూటరుకు మాత్రం 13లో చోటు లేదు. ఆ రకానికి కెర్నలు (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం), ఇన్‌స్టాలరు (వ్యవస్థను కంప్యూటరులోకి ఎక్కించే ప్రోగ్రాము) ఇవ్వడం మానేశారు. విడుదల గమనికలలో ఈ సంగతి స్పష్టంగానే ఉంది, నేనే ముందుగా చదువుకోలేదు. అంతా సిద్ధమయ్యాకే వస్తుందంటే నా యంత్రానికీ సరిపడేలా వస్తుందని అనుకున్నాను. ఆ రెండూ ఒకటి కావు.

నేను వాడిన నాలుగు విడుదలలూ జూన్, ఆగస్టుల మధ్యనే, మిల్లుకు పని తక్కువగా ఉండే రోజుల్లో వచ్చాయి కాబట్టి నాకు కుదిరింది. రెండేళ్లపాటు అవే పాత సాఫ్ట్‌వేర్లతో సరిపెట్టుకోలేనివారికి ఇది నచ్చకపోవచ్చు. కాటా కంప్యూటరును 12లోనే ఉంచాను. దానికి మామూలు మద్దతు 2026 జూన్ వరకే. ఈలోగా 64 బిట్లది కొనాలి, అందులో కాటా తీగ తగిలించడానికి సీరియల్ పోర్టు ఉందో లేదో ముందే చూసుకోవాలి.