జాగ్రత్త: పని ఆగినా శాతం పెంచే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాను

గుంటూరులో చిన్న కాంట్రాక్టరును. ఏడాదికి రెండు మూడు భవనాలు కడతాను. చేతి లెక్కలతో తేదీలు, బిల్లులు తడబడుతున్నాయని మొన్న డిసెంబరులో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక విక్రేత దగ్గర ప్రాజెక్టు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్, అంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో, ఎంత అయిందో చూపేది, కొన్నాను. ఏడాది లైసెన్సు 48,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 56,640. పని ఎంత అయిందో ఇది దేన్ని చూసి చెబుతుందని అప్పుడు అడగలేదు. అడిగి ఉంటే ఈ నాలుగు మాటలు రాసే అవసరం ఉండేది కాదు.

డెమోలో వారి కుర్రవాడు మౌసు పట్టుకుని ఒక గీతను లాగాడు. 50 శాతం అని అంకె పడింది, నీలం పట్టీ సగం ఆకుపచ్చగా మారింది. చూడముచ్చటగా ఉంది. డబ్బు కట్టేశాను.

జనవరిలో ఒక హాస్టల్ భవనానికి లోపలి ప్లాస్టరింగ్ మొదలుపెట్టాం. మొత్తం 24,000 చదరపు అడుగులు, రోజుకు 1,200 చొప్పున 20 రోజుల పని. ముఠా అంతా శ్రీకాకుళం వైపు వాళ్లు. భోగి ముందు రోజు మధ్యాహ్నానికి తాపీలు కడిగి పెట్టి సంచులతో రైలెక్కారు. అప్పటికి 9,000 అడుగులు అయింది. పండగ వెళ్లి వారమైనా ఎవరూ రాలేదు. ఇందులో వింతేమీ లేదు, సంక్రాంతికి ఏటా ఉండే తంతే.

పదహారో రోజున సాఫ్ట్‌వేర్ తెరిచి ‘నేటి వరకు నవీకరించు’ నొక్కాను. 80 శాతం అంది. నేనూ బుద్ధిగా ఆ కాగితాన్నే బిల్లుకు జతచేసి పంపాను. తప్పు నాదీ ఉంది, కాదనను.

యజమాని తరఫున చూసేది రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరుగారు. ఆయన టేపు పట్టుకుని వచ్చారు. గది గదికీ తిరిగారు, తాళంచెవితో గోడ మీద కొట్టి చూశారు. రెండో అంతస్తులో ఇటుకలు ఇంకా బయటికే కనిపిస్తున్నాయి. నా కాగితం వంక చూసి, “ఏమయ్యా, 19,200 అడుగులని రాశావు. మిగతా పదివేల పైచిలుకు ఏ గోడ మీద ఉన్నాయో చూపించు” అన్నారు. పక్కనే మేస్త్రీ ఉన్నాడు. ఆ క్షణం ఎలా గడిచిందో చెప్పలేను.

జరిగిందేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది క్యాలెండరు ఒక్కటే. 20 రోజుల పనిలో 16 రోజులు గడిచాయి కనుక 80 శాతం. పైగా లెక్క తేదీని, అంటే ఏ రోజు వరకు అయిన పనిని లెక్కించాలో దాన్ని, మనం ఎంచుకునే వీలు లేదు, కంప్యూటరులో ఆ రోజు తేదీనే తీసుకుంటుంది. శనివారం నాటి లెక్కను సోమవారం తెరిస్తే, ఆదివారం సైటులో కాకి కూడా వాలకపోయినా శాతం పెరిగి ఉంటుంది.

సరే, అయిన 9,000 అడుగులకు తగ్గ 37.5 శాతాన్ని చేత్తో వేద్దామని చూశాను. వేయగానే మిగిలిన రోజులు 12.5 అని అదే దిద్దేసింది. తిరిగి వచ్చింది సగం ముఠా, రోజుకు 600 అడుగులు. మిగిలిన 15,000 అడుగులకు 25 రోజులు కావాలి. రోజులు 25 అని వేస్తే శాతం మళ్లీ మారిపోతుంది. ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారుతుంది.

మొత్తం ప్రాజెక్టు శాతమూ రోజుల తూకంతోనే. స్లాబుకు నీళ్లు పట్టే ఏడు రోజులకు ఏడు పాళ్లు, లక్షల రూపాయల కాంక్రీటు పోసిన ఒక్క రోజుకు ఒక పాలు.

రోజుల లెక్క అసలు తప్పని అనను. క్యూరింగ్ (స్లాబుకు నీళ్లు పట్టడం) వంటి పనికి అదే సరైన కొలత. ప్రతి పనికీ అదొక్కటే గతి కావడం దగ్గరే చిక్కు. దెబ్బ తిన్నాక ఇలాంటి మిగతా సాఫ్ట్‌వేర్ల గురించి కనుక్కున్నాను. ప్రిమవేరా పీ6 అనేదానిలో ఒక్కో పనికి ఒక్కో పద్ధతి ఎంచుకోవచ్చు: రోజులను బట్టి, వాడిన వనరులను బట్టి, లేదా కళ్లెదుట జరిగిన పనిని బట్టి. ఈ మూడోదాన్ని భౌతిక శాతం అంటారు. అది ఎంచుకుంటే శాతం వేరు, మిగిలిన రోజులు వేరు. రెండూ మనమే వేయాలి. స్లాబు పనిని సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద అచ్చు కట్టడం), కమ్మీ కట్టడం, కాంక్రీటు అని మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకు తూకం ఇవ్వొచ్చు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా కనిపించే పూర్తి శాతం రోజుల లెక్కే అయినా, భౌతిక శాతానికి వేరే గడి ఉంది. నేను కొన్నదానిలో ఇవేవీ లేవు.

విక్రేతకు ఫోను చేస్తే, “అది పై వెర్షన్‌లో ఉంటుంది సార్, ఇంకో 30,000 అవుతుంది” అన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే లైసెన్సు తెరిచాక ఇవ్వరట. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవాడు వినియోగదారుడి కిందికి రాడు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునే వారికి మినహాయింపు ఉంది కానీ, కూలీలను పెట్టి పని చేయించే నాకు అది వర్తిస్తుందో లేదో వాదించి తేల్చుకోవాలని మా వకీలుగారు అన్నారు.

అందుకే, డెమోకు వెళ్లేటప్పుడు మీ సైటు కొలతల పుస్తకం వెంట తీసుకువెళ్లండి. వారి నమూనా ప్రాజెక్టు వద్దనండి. మీ పని ఒకటి ఎక్కించి, శాతం వేస్తే మిగిలిన రోజులు వాటంతట అవి మారుతున్నాయేమో చూడండి. లెక్క తేదీని గత శనివారానికి పెట్టమనండి. ఏ సౌకర్యం ఏ వెర్షన్‌లో ఉందో మెయిలులో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు.

ప్లాస్టరింగ్ ఫిబ్రవరి నడిమికి ముగిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం జనవరిలోనే నూరు శాతం అయిపోయింది. తెర ఫొటోలు తీసి ఉంచాను, కొనే ఆలోచనలో ఉన్నవారు అడిగితే పంపిస్తాను.