జాగ్రత్త: రెండు మోడళ్లు కలిపి బిగించిన ఎయిర్ రైఫిల్ పిల్లలకు కొనకండి

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు పిల్లల ప్రాక్టీస్ కోసం సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ వెతుకుతున్న తల్లిదండ్రులు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా పాప వేలు విరిగేది, త్రుటిలో తప్పింది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే రాస్తున్నాను.

పాప తొమ్మిదో తరగతి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన వీడియో చూసినప్పటి నుంచి దానికి ఇదే పిచ్చి. పోటీల్లో వాడే రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి, మా వల్ల కాదు. ముందు చేయి కుదరనీ అని, బ్యారెల్ వంచి లోడ్ చేసే మామూలు స్ప్రింగ్ రైఫిల్ కోసం వెతికాను. ఊళ్లోనే ఒకాయన దగ్గర పద్నాలుగు వేలకు దొరికింది.

ఆయన ఏమీ దాచలేదు. అదే నన్ను ముంచింది. "పైన పెద్ద మోడల్ బ్యారెల్, సిలిండర్ వేసినం అన్నా. కింద ట్రిగ్గర్, కట్టె చిన్న మోడల్‌వి. పాపకు బరువు తక్కువుంటది, పవర్ మాత్రం పెద్దదానిదే వస్తది. పార్ట్స్ అన్నీ ఒరిజినల్, ఫికర్ చేయకు" అన్నాడు. నాకు మంచి బేరం అనిపించింది. పార్ట్స్ నిజంగానే ఒరిజినల్. కానీ పైభాగం, కిందిభాగం ఒకదాని కోసం ఒకటి తయారైనవి కావు.

మొదటి రోజు నుంచే తేడా కనిపించింది. బ్యారెల్ కిందికి వంచితే "టక్" మని పట్టుకోవాలి కదా, ఐదుసార్లలో ఒకసారి పట్టుకునేది కాదు. పేల్చినప్పుడు నూనె మాడిన వాసన, బ్యారెల్ నోట్లోంచి సన్నటి పొగ. టార్గెట్ కాగితంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, నల్లటి వలయం 30.5 మిల్లీమీటర్లు. ఇసుక సంచి మీద ఆనించి కొట్టినా సగం పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఆ నలుపు బయటే పడేవి. ఫోన్ చేస్తే "కొత్త స్ప్రింగ్, సెట్ కావాలె. రెండు వందల పెల్లెట్లు కొట్టనియ్యి" అన్నాడు. కొత్త స్ప్రింగ్ కుదురుకోవడానికి కొంత టైం పట్టే మాట నిజమే కాబట్టి నమ్మాను. ఆ రోజే పక్కన పెట్టాల్సింది.

రెండో ఆదివారం డాబా మీద పాప బ్యారెల్ వంచింది, పట్టుకుంది. పెల్లెట్ పెట్టడానికి వేలు దగ్గరికి తెచ్చింది. ట్రిగ్గర్ ముట్టుకోలేదు. బ్యారెల్ దానంతట అదే ఎగిరి మూసుకుంది. వేలు అప్పటికే సగం వెనక్కి వచ్చింది కాబట్టి గోరు అంచు మాత్రమే నలిగి నెత్తురు గడ్డకట్టింది. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదని తెలిసేదాకా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

మా వీధిలో కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. స్ప్రింగ్ ఎగిరి మొహానికి తగలకుండా క్లాంపులో బిగించి, నెమ్మదిగా వదులుతూ ఆయనే విప్పారు. లోపల చూసినవి అన్నీ నాకు గుర్తున్నాయి. స్ప్రింగ్ పెద్ద మోడల్‌ది. చిన్న పిస్టన్‌లో (స్ప్రింగ్ తోస్తే గాలిని నొక్కే ముక్క) పట్టదని ఒక చివర గ్రైండర్‌తో కోసేశారు. కోసిన చోట ఇనుము నీలంగా మారింది, చివర చదునుగా లేదు, మొలకలా పొడుచుకొచ్చి ఉంది. వేడికి స్ప్రింగ్ టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోతుందని, ఒకవైపు ఎక్కువ నొక్కుకుని వంకర తిరుగుతుందని చెప్పారు. బల్ల మీద దొర్లిస్తే నిజంగానే పాములా మెలికలు పోయింది. పిస్టన్ వాషర్ ముందు నూనె చెమ్మ. ఆ నూనె గాలి ఒత్తిడికి మండడం వల్లే పొగ, షాట్ షాట్‌కీ వేగం మారడం.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. బ్యారెల్ వంచినప్పుడు లింక్ రాడ్ పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, చివర్లో ట్రిగ్గర్ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ సిలిండర్ పెద్దది, లింక్ రాడ్ చిన్నది. కోసిన తర్వాత కూడా స్ప్రింగ్ పొడవెక్కువే, చుట్టలన్నీ ముందే ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి. దాంతో పిస్టన్ పూర్తిగా వెనక్కి పోవడం లేదు. కొక్కెం లోపలికి దిగకుండా అంచు మీదే నిలబడుతోంది. "ఇది పట్టుకున్నట్టు కనబడతది బిడ్డా, పట్టుకోలే" అన్నారు ఆయన. ఆ అంచు అరిగి అద్దంలా మెరుస్తోంది.

డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి చెబితే, వాళ్ల దగ్గర ఏఆర్-15 (తూటాలు పేల్చే అసలు రైఫిల్) విడిభాగాలు కొని సొంతంగా కూర్చుకునేవాళ్లు పడే తిప్పలూ ఇవేనన్నాడు. మన దగ్గర అవి పౌరుల చేతికి వచ్చేవి కావు గానీ విషయం మాత్రం ఒకటే. పేలిన గ్యాస్‌ను వెనక్కి తెచ్చే గ్యాస్ ట్యూబ్ రైఫిల్ పొడవున్న అప్పర్‌ను (బ్యారెల్ ఉండే పైభాగం) కార్బైన్, అంటే పొట్టి రకం, లోయర్ (ట్రిగ్గర్ ఉండే కిందిభాగం) మీద పెట్టినా బాగానే నడుస్తుందట. వెనక బఫర్ ట్యూబ్, అందులోని స్ప్రింగ్, బఫర్ (వెనక్కి వచ్చే భాగాన్ని ఆపే బరువు ముక్క) మూడూ ఒకే సెట్‌వి అయితేనే. కార్బైన్ బఫర్ పొడవు మూడుంపావు అంగుళాలు, మామూలుదాని బరువు 85 గ్రాముల దగ్గర. రైఫిల్ బఫర్ దాదాపు ఆరు అంగుళాలు, 145 గ్రాముల దగ్గర. పొడుగు రైఫిల్ ట్యూబ్‌లో పొట్టి కార్బైన్ బఫర్ వేస్తే లోపల ముందుకూ వెనక్కీ కదిలే క్యారియర్ ఆగాల్సిన చోట ఆగక మరీ వెనక్కి పోయి లోయర్‌కు గుద్దుకుంటుంది. గ్యాస్ తక్కువ వచ్చే చోట బరువైన బఫర్ వేస్తే క్యారియర్ పూర్తిగా వెనక్కి రాక పేలిన తూటా ఖాళీ గొట్టం ఇరుక్కుంటుంది. "పైభాగం ఏ మోడల్‌దైనా సరే, వెనక కదిలే సెట్ తెంపొద్దు" అని వాడి మాట.

పవర్ గురించి ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల కంటే పెద్ద బోర్ (బ్యారెల్ లోపలి వెడల్పు) ఉన్నా, పెల్లెట్ బయటికి వచ్చే శక్తి 20 జౌళ్లు దాటినా ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ కావాలి. పెద్ద స్ప్రింగ్ కుక్కి "పవర్ పెంచినం" అని అమ్మేవాడు మిమ్మల్ని ఆ గీత దాటిస్తున్నాడేమో ఆలోచించండి. పోటీ రైఫిళ్లే 7.5 జౌళ్ల చుట్టుపక్కల ఉంటాయి. పిల్లల ప్రాక్టీస్‌కు పవర్‌తో పనే లేదు.

కొనేముందు అమ్మేవాడి ఎదురుగానే పది పన్నెండుసార్లు బ్యారెల్ వంచి చూడండి. చేయి బ్యారెల్ మీద నుంచి తీయొద్దు, వేళ్లు సందులో పెట్టొద్దు. ఒక్కసారి పట్టుకోకపోయినా, చివర్లో బిర్రుగా అడ్డం పడ్డట్టు అనిపించినా లేచి వచ్చేయండి. స్ప్రింగ్ విప్పి చూపించమని అడగండి, రెండు చివరలూ చదునుగా ఉండాలి. బ్యారెల్ మీది మోడల్ పేరు, బిల్లు మీది పేరు ఒకటేనా చూసుకోండి. బిల్లే లేదంటే బేరం వద్దు. రైఫిల్ మంచిదైనా సరే, పెల్లెట్ పెట్టేంతసేపు రెండో చేత్తో బ్యారెల్‌ను కిందికి గట్టిగా పట్టుకోవడం పిల్లలకు మొదటి రోజే నేర్పండి. నేను నేర్పలేదు.

డబ్బులు అడిగితే ఆయన "వాపస్ లేదు, కావాలంటే వేరే స్ప్రింగ్ వేసిస్తా" అన్నాడు. వద్దన్నాను. ఆ రైఫిల్ ఇంకెవరి చేతికీ పోకూడదని స్ప్రింగ్ తీసేసి, ముక్కలుగానే బీరువా పైన పెట్టాను. ఆయన దగ్గర అలాంటివే ఇంకో రెండు కట్టెకు పసుపు టేపు చుట్టి గోడకు ఆనించి ఉండడం నా కళ్లతో చూశాను. ఈమధ్య అలాంటిది మీ ఇంటికి వచ్చి ఉంటే, పిల్లల చేతికి ఇవ్వకుండా ముందు విప్పించి చూడండి.