ఒంటరి బసకు ఒక కొండ హోటల్: రాత్రి నిశ్శబ్దం, పగటి తీరిక

కొండ మీది హోటల్‌ను మెచ్చుకునేవారు చాలావరకు కిటికీలోంచి కనబడే దృశ్యం దగ్గరే ఆగిపోతారు. ఆ దృశ్యం కొండ ఇచ్చింది. అదే వాలున, అదే లోయకు ఎదురుగా ఎవరు నాలుగు గోడలు లేపినా వారికీ అదే దొరుకుతుంది. హోటల్ తన శ్రద్ధతో సమకూర్చవలసినవి వేరే ఉన్నాయి. రాత్రి వెచ్చగా, చప్పుడు లేకుండా నిద్రపట్టే గది కావాలి; పగలంతా ఎవరితోనూ మాట్లాడకపోయినా ఇబ్బందిగా అనిపించని కూర్చునే చోటు కావాలి; ఒంటరిగా వచ్చిన మనిషికి ఏదైనా జరిగితే నలుగురికీ తెలిసే ఏర్పాటు కావాలి. కేవలం విశ్రాంతి కోసం ఈమధ్య ఒక కొండ హోటల్లో ఒంటరిగా బస చేసి వచ్చాను. ఈ మూడింటిలోనూ అది నాకు నచ్చింది. నచ్చని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను.

ఈ హోటల్ సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున, కొండవాలుకు నడిమధ్యలో ఉంది. విశ్రాంతికి వెళ్లేవారు ఎత్తు గురించి ముందే ఆలోచించడం మంచిది. 2,500 మీటర్లు దాటిన చోటుకు నేరుగా చేరుకుని పడుకుంటే, మొదటి ఒకటి రెండు రాత్రులు కొందరికి తలనొప్పి, వికారం, మాటిమాటికీ మెలకువ తప్పవు. 1,900 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో ఇంకా 80 శాతం దాకా ఉంటుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నవారికి మెట్లెక్కేటప్పుడు కాస్త ఆయాసం రావడం తప్ప పెద్దగా తేడా తెలియదు. సగటున ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది గనుక, కింద మైదానంలో ఎండ మండిపోతున్న రోజున కూడా ఇక్కడ ఉన్ని శాలువా కప్పుకుని కూర్చోవచ్చు.

లోయ అడుగున కాకుండా వాలు మధ్యలో కట్టడంలో ఇంకో లాభం ఉంది. రాత్రి నేల చల్లబడినప్పుడు దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి మెల్లగా దిగి లోయ అడుగున చేరుతుంది. మబ్బులేని రాత్రుల్లో లోయ అడుగు కన్నా వాలు మధ్యభాగమే వెచ్చగా ఉండడానికి కారణం ఇదే. తెల్లవారుజామున బాల్కనీలోకి వచ్చి చూస్తే కింద లోయంతా పొగమంచుతో నిండి ఉండేది, హోటల్ మాత్రం దానికి పైన పొడి గాలిలో ఉండేది. స్థలం ఎంచుకున్నవారికి కొండ సంగతి బాగా తెలుసనిపించింది.

ఒంటరిగా వెళ్లేవారికి మొదటి చిక్కు అద్దె దగ్గరే వస్తుంది. చాలా హోటళ్లు గదికి ఇద్దరి లెక్కన ధర కడతాయి. ఒక్కరే ఉన్నా అంతా చెల్లించాల్సిందే. ఇక్కడ ఒక్కరికి వేరే ధర ఉంది, అంతకన్నా ముఖ్యంగా ఒక్కరి కోసమే అమర్చిన గదులు ఉన్నాయి. అవి చిన్నవే గాని మెట్ల కిందో, లిఫ్టు పక్కనో, వంటింటి పొగగొట్టం ఎదుటో విసిరేసినట్టు ఉండవు; మిగతా గదులతో పాటు లోయవైపు వరుసలోనే ఉన్నాయి. రిసెప్షన్‌లో "ఒక్కరే వచ్చారా?" అని ఆశ్చర్యపోయినవారు లేరు. పేరు రాసుకున్నారు, తాళం ఇచ్చారు, భోజనం వేళలు చెప్పారు, అంతటితో వదిలేశారు. ఒంటరి ప్రయాణికుడికి ఆ ప్రశ్న ఎదురుకాకపోవడం ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

గదిలో నేను ఎక్కువసేపు పరిశీలించింది కిటికీనే. రెండు పొరల అద్దం, చుట్టూ బిగుతుగా కూర్చున్న రబ్బరు అంచు, కింది మూలన మట్టి కూడా చేరకుండా శుభ్రంగా తుడిచిన గాడి. పిడిని సగం తిప్పితే కిటికీ పైభాగం మాత్రం బెత్తెడు వెనక్కి వాలుతుంది, గాలి వస్తుంది గాని వాన జల్లు లోపల పడదు. పూర్తిగా బిగిస్తే బయటి వాగు హోరు ఒక్కసారిగా తెగిపోతుంది. పడకగదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. నా దగ్గర కొలిచే సాధనం లేదు గాని, ఆ గదిలో దీపం ఆర్పాక నా చేతిగడియారం ముల్లు కదిలే చప్పుడు స్పష్టంగా వినిపించేది. వరండాలోని తలుపులన్నింటికీ మెల్లగా మూసుకునే బిగింపులు ఉన్నాయి కాబట్టి అర్ధరాత్రి ఎవరు వచ్చినా ధడేలుమనే శబ్దం లేదు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. దాని మోటారు చప్పుడు ఇబ్బందిగా ఉందని చెప్పగానే, కారణాలు అడగకుండా వచ్చి తీగ తీసి వెళ్లారు.

వెచ్చదనం సంగతి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒంటరిగా పడుకునేవారికి ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. చలి ప్రదేశాల్లో గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయడం, గొట్టం లేని గ్యాస్ హీటర్ వెలిగించి నిద్రపోవడం ఇప్పటికీ జరుగుతున్నాయి. గాలి సరిగా ఆడనిచోట బొగ్గు గాని గ్యాస్ గాని మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ముందు తలనొప్పి, మగత, ఆపైన స్పృహ తప్పడం. పక్కన ఇంకో మనిషి ఉంటే లేపే అవకాశమైనా ఉంటుంది, ఒంటరి మనిషికి అదీ ఉండదు. ఈ హోటల్లో మంట ఏదీ గదుల దాకా రాదు. బాయిలర్ విడిగా ఒక షెడ్డులో ఉంది, అక్కణ్నుంచి వేడినీళ్లు గొట్టాల ద్వారా ప్రతి గదిలోని రేడియేటర్‌కు వస్తాయి. అయినా గది గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించారు, దాని మీద గడువు తేదీ కూడా కనబడేలా అతికించారు. కొండ హోటల్ గురించి ఎవరైనా నన్ను అడిగితే, దృశ్యం గురించి కాక ఈ అలారం గురించే ముందుగా వాకబు చేయమంటాను.

వేడి చేసిన గదిలో గాలి పొడిబారుతుంది. బయట 5 డిగ్రీల దగ్గర తేమతో నిండుగా ఉన్న గాలినే లోపల 21 డిగ్రీలకు వేడెక్కిస్తే దాని సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న వంతు, 35 శాతం దగ్గరకు పడిపోతుంది. తెల్లారేసరికి గొంతు ఎండిపోయి ముక్కు మండడం అందువల్లే. ఇక్కడ రేడియేటర్ మీద నీళ్ల గిన్నె పెట్టుకోవడానికి చిన్న అర ఉంది, దాన్ని రోజూ సాయంత్రం నింపి వెళ్లేవారు. ఈ పాటి చిన్న పనిని మరచిపోకుండా చేయడంలోనే ఆ హోటల్ ఎలాంటిదో నాకు అర్థమైంది. టీ విషయంలో మాత్రం కొంచెం సర్దుకోవాలి: ఆ ఎత్తున నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి ఆకు మామూలు కన్నా ఎక్కువసేపు నానాలి.

పగటి వేళ ఎక్కువభాగం బాల్కనీలోనే గడిచింది. కొండల మీది విశ్రాంతి గృహాలకూ బాల్కనీకీ ఉన్న అనుబంధం చాలా పాతది. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కు 1865 శీతాకాలంలో క్షయరోగులు చికిత్స కోసం రావడం మొదలైన తరువాత, రోగులను దుప్పట్లు కప్పి గంటల తరబడి ఆరుబయట వాలుకుర్చీల్లో పడుకోబెట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. దక్షిణం వైపు పొడవాటి బాల్కనీలు అందుకోసమే కట్టారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు వచ్చాక ఆ శానిటోరియంల, అంటే క్షయ చికిత్సాలయాల, అవసరం తగ్గిపోయి, వాటిలో కొన్ని హోటళ్లుగా మారాయి. దావోస్‌కు ఎగువన 1900లో శానిటోరియంగా తెరిచిన షాట్సాల్ప్ 1950లలో అలాగే హోటల్ అయింది. నేను బస చేసిన భవనానికి అలాంటి చరిత్ర లేదు, కానీ కట్టినవారు ఆ సంప్రదాయాన్ని బాగా గమనించారు. బాల్కనీ వెడల్పు కాళ్లు చాపుకుని పడుకోవడానికి సరిపోతుంది, పక్క గదికీ దీనికీ నడుమ చెక్క తడిక ఉంది, వాలుకుర్చీ మీద మందపాటి దుప్పటి మడిచి ఉంచారు. తడిక తల ఎత్తున ఉండబట్టి, పక్క బాల్కనీలో ఒక కుటుంబం కూర్చుని ఉన్నా పరస్పరం చూపులు కలిసే మొహమాటం లేదు. చలిగా ఉంది కదా అని ఎండను తేలికగా తీసుకోకూడదు; ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. మధ్యాహ్నం వాలు వేడెక్కి గాలి పైకి లేవడంతో మబ్బులు కమ్ముకునేవి. దూరపు శిఖరాలు చూడాలంటే ఉదయమే చూడాలి, మధ్యాహ్నాలు పుస్తకానికీ కునుకుకూ వదిలేయాలి.

భోజనశాలలో ఒక్కరే కూర్చోవడం చాలామందికి ఇబ్బంది. నలుగురు పట్టే బల్ల ముందు కూర్చోబెట్టి మూడు ఖాళీ కుర్చీలను ఎదురుగా ఉంచడమో, లేక వంటింటి తలుపు పక్కన ఒక మూలకు నెట్టడమో నేను చాలాచోట్ల చూశాను. ఇక్కడ కిటికీ పొడవునా ఒక్కరికి సరిపోయే చిన్న బల్లలు వేశారు, ప్రతిదానికీ విడిగా ఒక దీపం ఉంది, కుర్చీ బయటివైపుకు తిరిగి ఉంటుంది. వడ్డించేవారు పదార్థం పేరు చెప్పి, పెట్టి, పక్కకు వెళ్తారు. వంట సాదాగా, వేడిగా, తగినంతగా ఉంది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

అన్నింటికన్నా నా మనసుకు హత్తుకున్నది నడకదారుల ఏర్పాటు. గుమ్మం దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. బయటికి నడకకు వెళ్లేవారు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో అందులో రాయాలి. వచ్చాక ఎదురుగా సంతకం పెట్టాలి. ఒక సాయంత్రం నేను రాసిన వేళ దాటింది, పొగమంచు దిగి దారి గుర్తులు సరిగా కనబడక మెల్లగా నడుస్తున్నాను. హోటల్ దగ్గరి పెద్ద మలుపు తిరిగేసరికి గుమ్మం దగ్గర పనిచేసే పెద్దాయన టార్చి, గొడుగు పట్టుకుని ఎదురొచ్చారు. "మీరు రాసిన టైము దాటింది కదండీ, ఇక్కడిదాకా వచ్చి చూద్దామని," అన్నారు. తరువాత దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు, ఆయన వెలుతురు నా కాళ్ల ముందు పడేలా ఒక అడుగు వెనకగా నడిచారు. ఒంటరిగా ఉండనివ్వడం, ఒంటరిగా వదిలేయకపోవడం రెండూ ఒకే చోట దొరకడం అరుదు. ఈ ఒక్క కారణానికే ఒంటరిగా వెళ్లే ఆడవారికీ, వయసు మళ్లినవారికీ ఈ హోటల్‌ను ధైర్యంగా సిఫారసు చేస్తాను.

ఇక లోపాలు. తెల్లవారుజామున బాయిలర్ మళ్లీ వెలిగించగానే గొట్టాలు వేడెక్కి సాగడంతో గోడలో టకటకమని చప్పుడు మొదలవుతుంది, అది చాలాసేపు ఉంటుంది. లోహం వేడికి వ్యాకోచించినప్పుడు గొట్టాన్ని పట్టి ఉంచే బిగింపులు బిగుసుకుపోయి ఉంటే ఇలా జరుగుతుంది. బిగింపుల మధ్య రబ్బరో ఫెల్టో పెడితే తగ్గుతుంది. నిశ్శబ్దం మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు దీన్ని ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. నేను చెప్పినప్పుడు రాసుకున్నారు గాని నేను బయలుదేరేదాకా మార్పు లేదు.

రెండోది కార్లు నిలిపే స్థలంలోని దీపాలు. అవి రాత్రంతా పైకి చూస్తూ వెలుగుతాయి, ఆ వెలుగు కింది అంతస్తు బాల్కనీలను పట్టపగలు చేస్తుంది. అంత ఎత్తున, పొడి గాలిలో, అమావాస్య దగ్గరపడిన రాత్రి పాలపుంత చూడవలసిన చోట నాకు కొన్ని నక్షత్రాలే కనిపించాయి. దీపాలకు పైన కప్పులాంటి మూత పెట్టి వెలుతురు నేల మీదికే పడేలా చేస్తే భద్రతకు లోటు రాదు, ఆకాశమూ మిగులుతుంది. సెలవు రోజుల్లో పెద్ద బృందాలు రావడం, పచ్చిక మీద పాటలు పెట్టుకోవడం కూడా జరిగింది; చెప్పిన వేళకు ఆపేశారు కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా లెక్కించను.

వెళ్లాలనుకునేవారు వారం మధ్యలో వెళ్లడం మేలు. గది అడిగేటప్పుడు పై అంతస్తులో, బాయిలర్ షెడ్డుకు దూరంగా, దక్షిణం వైపు బాల్కనీ ఉన్నదాన్ని అడగండి. తూర్పు వైపు గదుల్లో ఉదయపు ఎండ బాగుంటుంది గాని వెనక కొండ అడ్డు రావడంతో మధ్యాహ్నానికే నీడ పడుతుంది. ఫోన్ సిగ్నల్ గదుల్లో అంతంతమాత్రమే కాబట్టి ఇంట్లోవాళ్లకు రిసెప్షన్ నంబరు కూడా ఇచ్చి వెళ్లండి. గుమ్మం దగ్గర రిజిస్టర్ ఉంది కదా అని టార్చి తీసుకెళ్లడం మానకండి. నేను మళ్లీ వెళ్తాను, చలి ముదరకముందే, గొట్టాల సంగతి ఒకసారి ఫోన్ చేసి కనుక్కున్నాక.